కడపలో వంకలు వెతికిన మూడు రోజులు

కడపకు నేను తీర్థయాత్రకు పోలేదు, పెళ్ళికి పోలేదు, కోర్టు వాయిదాకు కూడా పోలేదు. ఆ ఊరు బాగాలేదని తేల్చుకుని రావడానికి పోయాను. ఎవరైనా ముందు టిక్కెట్టు కొని, ఊరు చూసి, ఆ తర్వాత అభిప్రాయం తెచ్చుకుంటారు. నేను అభిప్రాయాన్ని ఇంట్లోనే సిద్ధం చేసుకుని, తర్వాత టిక్కెట్టు కొన్నాను.

సంగతి ఇది. నేను కోడుమూరులో దర్జీని. పేరు యేసురత్నం. ఇరవై ఆరేళ్ళుగా బస్టాండుకు ఎదురుగా ఒకే షట్టరు కింద కూర్చున్నాను. నా భార్య ఎస్తేరు ఊళ్ళోని సర్కారు ఆసుపత్రిలో నర్సు. కూతురికి పెళ్ళయి ఆదోనిలో ఉంటోంది కాబట్టి ఇంట్లో మేమిద్దరమే. మొన్న మార్చిలో ఎస్తేరుకు హెడ్ నర్సుగా ప్రమోషను వచ్చింది. ఉద్యోగం కడపలో. ఇష్టం లేకపోతే ఒక కాగితం రాసిచ్చి ఉన్నచోటే ఉండిపోవచ్చు. మళ్ళీ ఆ అవకాశం ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. సోమవారంలోగా అవునో కాదో తేల్చాలి.

ఎస్తేరు ఆ ఉత్తర్వును రెండుసార్లు చదివింది. మూడోసారి చదవడానికి కళ్ళద్దాలు తుడుచుకుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి చెప్పింది.

"నువ్వు పోయి ఊరు చూసి రా అయ్యా. బాగుండాదంటే పోదాము. వద్దంటే మానుకుందాము. నేనేమీ అనుకోను."

ఆమె పోట్లాడి ఉంటే నేనూ పోట్లాడి ఉండేవాణ్ణి. ఇంత సులభంగా నా చేతికి అప్పగించేసరికి లోపల సంతోషపడ్డాను. ఆ సంతోషానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను కానీ, అప్పుడు మాత్రం బాగా సంతోషపడ్డాను.

పోవడం ఇష్టం లేకపోవడానికి నాకు రెండు కారణాలు. ఒకటి అంగడి. కోడుమూరులో ఎవరు షాపు ముందు నుంచి నడిచిపోయినా వాళ్ళ నడుము కొలత నాకు నోటికి వస్తుంది. ఎవరికి పొట్ట పెరిగిందో వాళ్ళ ఇంట్లోవాళ్ళ కన్నా నాకే ముందు తెలుస్తుంది. రెండో కారణం టీ బంకు. విషయం బయటికి పొక్కిన రోజే అక్కడ ఒకాయన గ్లాసు పైకెత్తి అడిగాడు.

"ఏమప్పా టైలరూ, కడపకు ఇల్లటం పోతాండావంటనే?"

ఇల్లటం అంటే పెళ్ళయ్యాక మగవాడు అత్తగారింటికి వచ్చి అక్కడే కాపురం పెట్టడం. మా అత్తగారిది నందికొట్కూరు, కడపతో వాళ్ళకు ఏ సంబంధమూ లేదు. అయినా బంకు దగ్గర అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు ఒక చొక్కాకు కాలరు తిరగేసి కుట్టాను.

అందుకని నా కొలతల పుస్తకంలో ఆఖరి పేజీ తెరిచి, పైన 'కడప - వంకలు' అని రాసి, కింద గీత కొట్టి, శుక్రవారం పొద్దున బస్సెక్కాను.

నంద్యాల దాటాక

మా కోడుమూరు వైపు నేల ఎర్రగా, చదునుగా ఉంటుంది. మాకు కొండ అంటే మేకలు ఎక్కి దిగే గుట్ట. కర్నూలులో బస్సు మారి, నంద్యాల దాటాక ఎడమ పక్కన నల్లమల మొదలైంది. ముందు మబ్బనుకున్నాను. ఎంతసేపటికీ కదలకపోయేసరికి కొండ అని నమ్మాను. ఆళ్ళగడ్డ దాకా అది మా బస్సు వెంటే వచ్చింది.

నా పక్క సీట్లో చాగలమర్రికి పోయే పెద్దామె ఒకామె కూర్చుంది. ఒళ్ళో చెనిక్కాయల సంచి, వేరుశనక్కాయలను మా వైపు అలాగే అంటాం. వలిచి తింటూ మధ్యమధ్యలో నాకూ నాలుగు చేతిలో పోస్తోంది. వంకల పని మొదలుపెడదామని ఆమెను అడిగాను.

"కడపలో ఎండ ఎట్లుంటాదమ్మా?"

"ఎట్లుంటాది? ఎండ మాదిరే ఉంటాది."

"శానా ఎక్కువంటారే?"

"నీది యా ఊరు నాయనా?"

"కోడుమూరు."

ఆమె చెనిక్కాయ వలవడం ఆపి ముందు సీటు మీద తట్టింది. "ఇది ఇనండి. కోడుమూరోడు కడపలో ఎండెట్లుంటాదని అడుగుతాండాడు!"

ముందు సీటువాళ్ళు నవ్వారు. వాళ్ళను చూసి, వెనక సీటువాళ్ళు కారణం తెలియకుండానే నవ్వారు. నేను కిటికీలోంచి నల్లమలను శ్రద్ధగా చూశాను.

ఆళ్ళగడ్డలో టీకి దిగాను. గ్లాసు నోటి దాకా వచ్చేలోపల బస్సు కదిలింది. టీ పారబోసి పరిగెత్తుతుంటే లోపలి నుంచి ఆ పెద్దామె గొంతు వినబడింది. "నిలుపప్పా కండక్టరూ! ఎండ కనుక్కునే ఆయప్ప ఎక్కలేదు!" బస్సు ఆగింది. నా సీట్లో ఇంకొకరు కూర్చోకుండా సంచి అడ్డం పెట్టి కాపాడింది కూడా ఆమే. చాగలమర్రిలో దిగేటప్పుడు మిగిలిన చెనిక్కాయలు నా జేబులో పోసి, "కడపలో నీడ కూడా ఉంటాదిలే నాయనా, భయపడొద్దు" అని ధైర్యం చెప్పింది.

కడప, మొదటి సాయంత్రం

మధ్యాహ్నం రెండున్నరకు కడపలో దిగాను. కొండల పక్కన ఉన్న ఊరు చల్లగా ఉంటుందనుకునేవాళ్ళను ఒకసారి ఆ వేళకు కడప బస్టాండులో దించాలి. ఊరికి మూడు వైపులా నల్లమల, పాలకొండలు చుట్టుకుని ఉంటాయి. ఉత్తరాన పెన్న, ఎక్కువ భాగం ఇసుకగా. ఊరి మధ్యలో బుగ్గవంక అనే వాగు. కొండలు గాలికి అడ్డంగా నిలబడతాయి. పగలంతా ఎండను దాచిపెట్టుకుని, సాయంత్రం ఊరికి తిరిగి పంచుతాయి. అది చాలదన్నట్టు ఈ ఊళ్ళో ఎక్కడ చూసినా నల్ల బండలే. మెట్లు బండ, అరుగు బండ, అంగడి గడప బండ, కూర్చునే బెంచీ బండ. కడప బండ కోసం ఎక్కడెక్కడి నుంచో లారీలు వస్తాయని విన్నాను. ఆ బండ మీద మధ్యాహ్నం రెండున్నరకు కూర్చోకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. కూర్చున్నంత వేగంగా లేచాను. పక్కన కొబ్బరిబొండాలు కొట్టే మనిషి తల తిప్పకుండానే, "కొత్తగా వచ్చినావాప్పా?" అన్నాడు.

లాడ్జిలో దిగి మొదటి వంక రాసుకున్నాను. 'బండలు కాలతాయి.'

సాయంత్రం ఆరు దాటాక ఊరు మారిపోయింది. జనం బయటికి వచ్చారు, కొండల వైపు నుంచి సన్నగా గాలి మొదలైంది, సందు చివర పెద్ద పెనం మీద కారం దోసె వాసన లేచింది. మాది బొరుగుల ఉగ్గాని, బజ్జీ తినే ఊరు. దోసె మాకూ తెలుసు కానీ ఇది వేరే. పెనం మీదే దోసెకు ఎర్రకారం దట్టంగా పూసి, పైన పప్పుల పొడి చల్లి, అంచులు కరకరలాడేదాకా కాల్చి, మడిచి విసిరినట్టు పళ్ళెంలో వేస్తారు. మొదటి ముక్కకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. రెండో ముక్కకు ముక్కులో వచ్చాయి. మూడో దోసె అడిగాను.

"దుడ్లెంత?" అన్నాను, మా ఊరి మాటలో.

దోసె మనిషి నన్ను పైనుంచి కింద దాకా చూసి, "కర్ణాటక పక్కోడివా అన్నా? ఒకటి యాభై" అన్నాడు. కోడుమూరులో దోసె ముప్పై. రెండో వంక దొరికింది. 'దోసె ఖరీదు ఎక్కువ' అని రాస్తుంటే వేలికి అంటిన కారం పేజీకి అంటింది.

ఎస్తేరు ఫోను చేసింది.

"ఎట్లుండాది ఊరు?"

"అబ్బా, ఏం ఎండ! ఉడికిపోతాండా. బండ మీద కూర్చునేకి లేదు. గాలి లేదు. అన్నీ పిరమే."

"ఏమన్నా తింటివా?"

"దోసె."

"ఎన్ని?"

ఆమె నర్సు. రోగులు దాచేది రాబట్టడం ఆమె పని. "మూడు" అన్నాను.

"అంత ఎండలోనా!" అని నవ్వింది. "గాలే లేదా?" అని మళ్ళీ అడిగింది. "లేనే లేదు" అన్నాను. అప్పుడు నా చొక్కా గాలికి ఎగురుతూనే ఉంది.

పాలకొండలు

మరునాడు శనివారం. ఎండెక్కకముందే ఆటోలో పాలకొండల దగ్గరికి పోయాను. ఊరికి అంత దగ్గరగా అంత పెద్ద కొండలు నేను ఎక్కడా చూడలేదు. కాసేపు నడిచి, కాసేపు రొప్పి, ఒక రాతి మీదికి చేరి వెనక్కి తిరిగాను.

కింద ఊరంతా కనిపించింది. కొండలు మూడు పక్కలా చేయి వేసి పట్టుకున్న ఊరు. మిద్దెలు, మసీదుల మినార్లు, చర్చి శిఖరం, దూరంగా పెన్న ఇసుక తెల్లగా. ఎండ ఇంకా కొండ మీదే ఉంది, ఊళ్ళోకి దిగలేదు. ఎస్తేరు ఇక్కడుంటే బాగుండేది అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. పుస్తకం తెరిచాను. ఆ పేజీలో దీన్ని రాయడానికి చోటు లేదు, మూసేశాను.

అప్పుడే వెనక ఏదో కదిలింది. ఒక కోతి నా జేబులోని చెనిక్కాయల వైపు చూస్తోంది. ఇచ్చేస్తే సరిపోయేది. నేను రెండడుగులు వెనక్కి వేసి, జారే రాతి మీద కాలు పెట్టి, కూర్చున్న భంగిమలో పది అడుగులు కిందికి వచ్చాను. కోతి చెనిక్కాయలు తీసుకుంది. నా ప్యాంటు వెనక నడుము నుంచి తొడ దాకా చినిగింది. అది నేను స్వయంగా కుట్టుకున్న ప్యాంటు. కుట్టు చెదరలేదు, గుడ్డే చినిగిందని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను. భుజం మీది టవలు వెనక కట్టుకుని ఊళ్ళోకి దిగి, కనిపించిన మొదటి దర్జీ అంగడి ముందు నిలబడ్డాను.

మస్తాన్ భాయ్ మిషను

ఈ ఏడాది ఉగాది, రంజాను పక్కపక్కనే వచ్చాయి. ఆ శనివారం తెల్లారితే ఉగాది. రంజాను దాని వెనకే. కాబట్టి ఆ అంగడిలో మనిషి కన్నా గుడ్డలే ఎక్కువ ఉన్నాయి. వాటి మధ్యలో యాభై దాటిన ఒకాయన, టోపీ, మెడలో టేపు, తల ఎత్తకుండా మిషను తొక్కుతున్నాడు.

"కొత్త పని పట్టుకోను పోప్పా. చేతిలో ఉండేవే కావడంల్యా."

"కొత్తది కాదన్నా" అని వెనక్కి తిరిగి టవలు తీశాను. "నా కుట్టు గట్టిదే. పాడు గుడ్డ, అదే చినిగింది."

మిషను ఆగింది. ఆయన దగ్గరికి వచ్చి చూసి, "నువ్వు దర్జీవా?" అన్నాడు.

"ఎట్ల తెలిసె?"

"మామూలోడైతే కుట్టినోన్ని తిట్టేవాడు. నువ్వు గుడ్డను తిడతాండావు."

ఆయన పేరు మస్తాన్. మస్తాన్ భాయ్ అంటారు. కట్టుకోవడానికి లుంగీ ఇచ్చి, మూలనున్న రెండో మిషను చూపించాడు. ఆ మిషను ఆయన తమ్ముడిది. తమ్ముడు కువైట్ పోయి రెండేళ్ళయిందట. నేను నా ప్యాంటు కుట్టుకుని చూపించాను. ఆయన వెలుతురులో పెట్టి చూశాడు. ఇంకొక దర్జీ నా కుట్టును అలా చూసి ఎన్నాళ్ళయిందో. పరీక్ష రాసినవాడిలా నిలబడ్డాను.

"బాగుండాది" అన్నాడు. "ఈ దినం నీకేమన్నా పనుండాదా?"

"ఊరు చూసేకి వచ్చినా."

"ఊరు యాడికీ పోదులేప్పా. ఆ కాజాలు పట్టు."

అలా కడపలో ఏం చూశావని ఎవరైనా అడిగితే, ఆ రోజు నేను చూసినవి పిల్లల లాల్చీలకు కాజాలు. పొద్దు గూకేదాకా కుట్టాను. వచ్చినవాళ్ళందరికీ మస్తాన్ భాయ్ ఒకటే మాట చెప్పాడు, "రేపు పొద్దున ఖచ్చితంగా." అదే మాట నేను ప్రతి క్రిస్మసుకూ కోడుమూరులో చెబుతాను. అదే ముఖంతో చెబుతాను. వాళ్ళు నమ్మనట్టు చూసి నమ్మినట్టు తల ఊపడం కూడా అదే. పరాయి ఊళ్ళో ఉన్నానన్న సంగతే కొంతసేపు మరిచిపోయాను.

ఆయన ఉపవాసం. నీళ్ళు కూడా తాగడు. "నీకేంది, నువ్వు టీ తాగిరాప్పా" అని రెండుసార్లు చెప్పాడు. ఆయన ఎదురుగా తాగడమెందుకని, "పర్వాలేదన్నా" అన్నాను. మధ్యాహ్నం మూడు గంటలకు నా మర్యాద అయిపోయింది కానీ, మాట వెనక్కి తీసుకునే దారి లేకపోయింది. నాలుగు గంటలకు గొంతు అట్టకట్టింది. ఐదున్నర నుంచి నేను మసీదు వైపు చెవి పెట్టుకుని కూర్చోవడం చూసి ఆయన మీసాల్లో నవ్వుకున్నాడు. చివరికి పిలుపు వినబడినప్పుడు మాంసం వేసి కాచిన గంజి, ఖర్జూరాలు, మిరపకాయ బజ్జీలు ముందు పెట్టారు. ఆయన కన్నా ముందు నా చేయి ఖర్జూరం మీద పడింది.

గంజి తాగుతూ నా గోడు చెప్పాను. భార్యకు ప్రమోషను, నాకు ఇష్టం లేకపోవడం, బంకు దగ్గర నవ్వులు, అన్నీ. సాటి దర్జీ, సాటి మగవాడు, నా పక్షాన మాట్లాడతాడనుకున్నాను.

"హెడ్డు నర్సా?" అని మాత్రం అన్నాడు. తర్వాత, "రేపు ఉగాది గదా. పొద్దున్నే మాతో రా. మా అల్లున్ని చూపిస్తా."

లాడ్జికి వచ్చాక ఎస్తేరుకు ఫోను చేశాను. మిషను సంగతి చెప్పలేదు, కొండ మీది నుంచి కనిపించిన ఊరి సంగతి చెప్పలేదు. కోతి సంగతి మాత్రం బాగా పెంచి చెప్పాను. ఒక కోతి నాలుగు కోతులయింది. "ఊరంతా కోతులే" అన్నాను.

"సరేలే అయితే" అని పెట్టేసింది. ఎన్ని దోసెలు తిన్నావని అడగలేదు.

అల్లుడి గడప

ఆదివారం పొద్దున ప్యాంటుకు ఇస్త్రీ చేయించుకుని, మస్తాన్ భాయ్ అల్లుడిని చూడబోతున్నానని నూనె రాసి తల దువ్వుకుని సిద్ధమయ్యాను. ఆటోలో ఆయన, ఆయన భార్య, తల్లి బూబమ్మ. ఒళ్ళో గుడ్డసంచి నిండా బియ్యం, కందిబేడలు, బెల్లం, చింతపండు, ఒక కొబ్బరికాయ. అల్లుడింటికి సారె గాబోలు అనుకున్నాను. ఆటో దేవుని కడపలో వెంకటేశ్వరస్వామి గుడి ముందు ఆగింది.

"అల్లుడు యాడన్నా?"

"లోపల" అన్నాడు మస్తాన్ భాయ్, గోపురం వైపు చేయి చూపించి.

చుట్టూ చూశాను. వరసలో టోపీలు, బురఖాలు, బొట్లు, పూలు అన్నీ కలిసి నిలబడి ఉన్నాయి. స్వామివారి భార్య బీబీ నాంచారమ్మ ముస్లిముల ఇంటి ఆడపిల్ల అని ఇక్కడివాళ్ళ నమ్మకం. కాబట్టి స్వామి వాళ్ళకు అల్లుడు. ఏటా ఉగాది నాడు ఆడపిల్ల తరఫువాళ్ళు బియ్యం, బెల్లం పట్టుకుని వచ్చి అల్లుడిని పలకరించి పోతారు. కడపలో ఇది ఎవరికీ వింత కాదు. వింతగా నిలబడినవాణ్ణి నేనొక్కణ్ణే.

పైగా ఆదివారం. ఆ వేళకు కోడుమూరు చర్చిలో రెండో పాట పాడుతూ ఉంటారు. మా పాస్టరు గారు నా ఖాళీ చోటు వైపు చూస్తూ ఉంటారు. లోపలికి పోవడానికి నా మనసు ఒప్పుకోలేదు, పోకుండా దూరంగా నిలబడడానికీ ఒప్పుకోలేదు. చెప్పులకు కాపలా ఉంటానన్నాను. మోకాళ్ళ నొప్పులని బూబమ్మ కూడా నా పక్కనే నీడలో బండ మీద కూర్చుంది. కొడుకు ఆమెకు రాత్రే అంతా చెప్పినట్టున్నాడు.

"నీ పెండ్లానికి పెద్ద ఉద్యోగమొచ్చిందంట గదా బిడ్డా?"

"అవునమ్మా."

"నీకు ముఖం చిన్నబోయిందంట?"

ఇంత సూటిగా నన్ను ఎవరూ అడగలేదు. "నలుగురూ నవ్వుతాండారమ్మా. పెండ్లాం వెంట పోతాండాడంటారు" అన్నాను.

బూబమ్మ గుడి వైపు చూసింది. "మా అల్లునికి తిరుపతిలో ఎంత పెద్ద కొండుండాది, ఎంత మంది పనోల్లుండారు. అయినా మా పిల్లను చేసుకున్న పాపానికి ఈడొచ్చి, ఈ ఎండలో, ఈ బండల నడుమ నిలబడుకున్నాడు. ఇల్లటం వచ్చినాడని ఎవురైనా నవ్వినారా?"

"దేవుడమ్మా ఆయన."

"దేవుడు గాబట్టే తెలిసింది ఆయనకు" అంది బూబమ్మ. "నీకు తెలిసేకి ఎన్నాళ్ళు పడుతుందో."

నాకు చెప్పులు తప్ప చూడడానికి ఏమీ దొరకలేదు. వాటిని వరసగా సర్దాను.

మస్తాన్ భాయ్ వాళ్ళు దర్శనం చేసుకుని ప్రసాదంతో వచ్చారు. దొన్నె నిండా పులిహోర, ఇంకా వేడిగా ఉంది. ఆయనకు ఉపవాసం. నాకు మా పాస్టరు గారు. ఇద్దరు పెద్ద మగవాళ్ళం ఆ దొన్నెను చూస్తూ నిలబడ్డాం. వయసు వల్ల ఉపవాసం లేని బూబమ్మ చేయి చాపి దొన్నె అందుకుంది. "మీ ఇద్దరి పుణ్యాన నాకు రెండు పాళ్ళు" అని చివరి మెతుకు దాకా తిన్నది.

బస్టాండు దగ్గర దింపుతూ మస్తాన్ భాయ్ పెద్దగా ఏమీ చెప్పలేదు. "మిషను తుప్పు పడతాండాది. తొక్కేవాళ్ళుంటే బాగుంటాది" అన్నాడు. గువ్వలచెరువు పాలకోవా ఎక్కడ మంచిది దొరుకుతుందో చూపించి, రంజాను కాజాలు మిగిలి ఉన్నాయని పరిగెత్తాడు.

కోడుమూరు, అదే సాయంత్రం

దారి పొడుగునా ఎస్తేరుకు ఎలా చెప్పాలో మనసులో కుట్టుకుంటూ, విప్పుకుంటూ వచ్చాను. ఈసారి నల్లమల కుడి వైపు వచ్చింది. చూశానో లేదో గుర్తులేదు.

నేను పోయేసరికి ఆమె వాకిట్లో ఆరిన బట్టలు మడత పెడుతోంది. కోవా పొట్లం ఇచ్చాను. ఒక ముక్క నోట్లో వేసుకుని, "బాగుండాది" అంది. లోపలికి పోయి ఒక కాగితం తెచ్చి నా చేతికిచ్చింది.

"రేపు పొద్దున సూపర్నెంటు కాడ ఇచ్చేస్తా. తప్పులేమన్నా ఉండాయేమో చూడు."

గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. కుటుంబ కారణాల వల్ల ప్రమోషను వదులుకుంటున్నానని, ఉన్నచోటే కొనసాగనివ్వమని. ఒక్క తప్పు కూడా లేదు.

"నేను రాకముందే రాసేస్తివే?"

"రెండు దినాల నుంచి చెప్తాండావు గదయ్యా. ఉడికిపోతాండావంటివి, గాలి లేదంటివి, ఊరంతా కోతులంటివి. నువ్వేం చెప్తే అదే అని ముందే అంటిని. ఇంగ అడిగేకి ఏముండాది?"

కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నేను చెప్పిన ప్రతి మాటా నమ్మింది. నమ్మి, చర్చి నుంచి వచ్చి, కూర్చుని ఆ ఉత్తరం రాసింది. బస్సులో సిద్ధం చేసుకున్న మాటలన్నీ పోయాయి. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"ఎస్తేరూ, నేను ఊరు చూసేకి పోలేదు."

"మరి?"

"నీకు అడ్డం పడేకి పోయినా."

ఆమె చేతిలోని చొక్కా మడత సగంలో ఆగింది. చాలాసేపు నన్ను చూసింది. ఆసుపత్రిలో రోగులను అలాగే చూస్తుంది కాబోలు.

"ఎండ లేదా అయితే?"

"ఉండాది. ఈడున్నంతే ఉండాది. సాయంత్రం గాలొస్తాది. కొండ మీద నుంచి చూస్తే ఊరు శానా బాగుండాది. నువ్వుంటే బాగుండనిపించింది, నీకు చెప్పలేదు."

"కోతులు?"

"ఒకటే. అది కూడా కొండ మీద. ఆసుపత్రిలో లేదు."

"నీ అంగడి?"

"ఆడ ఒకాయన దగ్గర మిషను ఖాళీగా ఉండాది. నిన్నంతా దాని మీదే కూర్చున్నా."

"ఊళ్ళో నవ్వుతారు మల్ల."

"నవ్వనీ."

ఆమె ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని నాలుగు ముక్కలు చేసింది. లోపలి నుంచి తెల్ల కాగితం, పెన్ను తెచ్చి అరుగు మీద నా ముందు పెట్టింది.

"ఈ తూరి నువ్వు రాయి. నేను చెప్తా."

రాశాను. ప్రమోషను సంతోషంగా అంగీకరిస్తున్నానని ఆమె చెప్పింది, నేను రాశాను. కడపలో చేరడానికి సిద్ధంగా ఉన్నానని చెప్పింది, రాశాను. తర్వాత చెప్పడం ఆపింది. ఇంకేమైనా ఉందేమోనని పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

"ఇరవై ఏడేండ్ల కింద, కాలవ పారే నందికొట్కూరు నుంచి నీ వెంట ఈ ఊరికొచ్చినా" అంది. "ఈడ ఎండెట్లుంటాదో, నీళ్ళెట్లుంటాయో ముందు పోయి చూసి రా అని నన్నెవురూ పంపలేదు."

నేను తల ఎత్తలేదు. కింద 'ఇట్లు' అని రాసి, సంతకం పెట్టాల్సిన చోటు ఆమెకు చూపించాను.